రంగుదారాల పాఠం

బేస్ గిటార్ భుజాన వేసుకుని ధర్మవరం వీధుల్లో తిరిగిన మొదటి మనిషిని బహుశా నేనే. గొప్పకు చెప్పడం లేదు. దాన్ని చూసిన ప్రతివాడూ నన్ను ఆపి అడిగిన ప్రశ్న ఒకటే: "ఏమప్పా, రెండు తీగలు తెగిపోయినాయా?" గిటారుకు ఆరు తీగలుంటాయని సినిమాలు చూసి అందరికీ తెలుసు. నాలుగే ఉన్నాయంటే రెండు తెగిపోయి ఉండాలి, లేదా కొత్తవి వేయించుకోవడానికి నా దగ్గర దుడ్లు లేకపోయి ఉండాలి. మొదట్లో ఓపిగ్గా వివరించేవాణ్ణి. ఇది వేరే వాద్యమనీ, తీగలు లావుగా ఉంటాయనీ, పాట కింద నడుస్తూ పాటను మోస్తుందనీ. కొన్నాళ్లకు విసుగొచ్చి "ఊ, తెగిపోయినాయి" అని నడిచిపోవడం అలవాటు చేసుకున్నాను.

మా నాయన ఒక్కడే ఇంకోరకంగా అడిగాడు. మగ్గం గుంతలో కూర్చున్నవాడు తలెత్తి, "దాని సద్దు పాటలో యాడ వినపడ్తాదిరా?" అన్నాడు. విడిగా వినపడదనీ, అది లేకపోతే మాత్రం పాట బోసిపోతుందనీ చెప్పాను. "వినపడనిదానికి ఇంత యాతనెందుకురా" అని మళ్లీ నాడె అందుకుని నేతలో పడ్డాడు. ఆ మాటకు అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆయన అడిగినదాంట్లో తప్పేమీ లేదని ఇప్పుడు అనిపిస్తుంది.

నేను ఆ వాద్యం నేర్చుకున్నది గుంతకల్లులో. రైల్వే క్వార్టర్స్‌లో ఇంజన్ డ్రైవరుగా రిటైరైన ఒక ఆంగ్లో-ఇండియన్ ముసలాయన ఉండేవాడు. అందరూ డ్రైవర్ దొర అనేవాళ్లు. మూడేళ్లపాటు ప్రతి ఆదివారం రైలెక్కి ఆయన దగ్గరికి పోయాను. ఆయన పాఠమంతా ఒక్క ముక్కలో చెప్పాలంటే, చూడొద్దు, విను. గిటారు మెడ మీది మెట్లు చూసుకుంటూ వాయించేవాడికి చెవి నిద్రపోతుందని ఆయన బాధ. నా కళ్లకు చేతిరుమాలు కట్టి వాయించమనేవాడు. తప్పు స్వరం పడితే చెక్క స్కేలు వేళ్ల కణుపుల మీద పడేది. అలా దెబ్బలు తింటూ మూడేళ్లకు వాద్యం పట్టుబడింది. దీన్ని ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పని తెలియక చేసింది కాదని అందరికీ తెలియాలి.

డెబ్బైల చివర్లో మా ఊళ్లో మైకుసెట్టు అద్దెకిచ్చే ఒకాయన ఎనిమిది మందిని కూడగట్టి సినిమా పాటల ఆర్కెస్ట్రా పెట్టాడు. పెళ్లిళ్లు, వినాయక చవితి పందిళ్లు, కదిరి తేరు, ఇంకా ఎక్కడ పిలిస్తే అక్కడ. అందులో నేను బేస్. మా యజమానికి సంగీతం గురించి ఏమీ తెలియదు, జనం గురించి తెలియనిది లేదు. నా చేతి మీద ఆయనకు గురి ఉండేది కానీ నా వాలకం చూస్తే మాత్రం చిరాకు. నేను పొట్టి. స్టేజీ మీద గిటారును నేను మోస్తున్నానో అది నన్ను మోస్తోందో తెలిసేది కాదు. పైగా వాయించేటప్పుడు నోరు తెరుచుకుని నేలకేసి చూస్తాను. "నోరు మూసుకోని వాయించప్పా, ఈగలు దూర్తాయి" అని పాటకూ పాటకూ మధ్య వచ్చి చెవిలో చెప్పేవాడు. ఒకసారి పామిడిలో ఒక పెళ్లిపెద్ద నన్ను వైర్లు చూసే మనిషి అనుకుని, వంటల దగ్గర బల్బు వెలగడం లేదు కొంచెం చూడమన్నాడు. దిగి, చూసి, సరిచేసి వచ్చి మళ్లీ వాయించాను. నేను లేని ఆ రెండు పాటల్లో ఏదో తక్కువైందని ఒక్క మనిషైనా కనిపెడతాడేమోనని ఆశపడ్డాను. ఎవరూ కనిపెట్టలేదు.

మా ఎదురింట్లో ఇంకో నేతవాళ్ల కుటుంబం ఉండేది. వాళ్ల రెండో కొడుకు నాకంటే అయిదేళ్లు చిన్న. అప్పటికి పంతొమ్మిదేళ్లు. పొడగరి, జుట్టు చెవుల మీదికి పెంచాడు, నవ్వితే ఎదుటివాడు కారణం తెలియకుండానే నవ్వేవాడు. మగ్గం దిగి సాయంత్రాలు మా రిహార్సలుకు వచ్చి మూల కూర్చునేవాడు. ఒకరోజు నేను బయటికి వెళ్తూ గిటారు వాడికిచ్చి కాసేపు పట్టుకోమన్నాను. వాడు దాన్ని మెడలో వేసుకుని, ఊరికే ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డాడట. కిటికీ బయట కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. మా యజమాని ఆ ఈలలు విన్నాడు.

మర్నాడే నన్ను పిలిచాడు. "వీనికి నేర్పు. రెండు నెలల్లో స్టేజీ ఎక్కాల."

"రెండు నెలల్లో ఎట్లొస్తాదన్నా? నాకు మూడేళ్లు పట్టింది" అన్నాను.

"వాయించేకి నువ్వుండావు గదా. వాడు నిలబడితే చాలు. ఎవురికి తెలుస్తాది?"

ఏర్పాటు ఇదీ. వాడికి ఎర్రటి కొత్త గిటారు. వాడు ముందు నిలబడతాడు. నేను స్పీకరు పెట్టెల వెనక కుర్చీ వేసుకుని నా పాత గిటారుతో కూర్చుంటాను. వాడికి వచ్చిన పాటలు వాడే వాయిస్తాడు. రాని పాటలకు వాడి గిటారు సౌండు సున్నాకు తిప్పుకుని చేతులాడిస్తాడు, నేను వాయిస్తాను. చెబితే ఎవరూ నమ్మరు కానీ, మొదట నాకు హాయి అనిపించింది. వెయ్యి మంది ముందు నోరు మూసుకోవాలని గుర్తుపెట్టుకోవడం తప్పింది. పెట్టెల వెనక ఎంత కావాలంటే అంత తెరుచుకోవచ్చు.

రెండు నెలల్లో నాలుగు పాటలైనా వాడి చేతికి రావాలి కాబట్టి నేనొక ఉపాయం కనిపెట్టాను. మా ఇళ్లలో పడుగు మీద రంగు దారంతో గుర్తులు కడతారు. పల్లూ ఎక్కడ మొదలుపెట్టాలి, బుటా ఎక్కడ రావాలి, ఆ దారం చెబుతుంది. చదువురాని నేతగాడు కూడా గుర్తును బట్టి తప్పు పోకుండా నేస్తాడు. నేను పట్టుదారం తునకలు తెచ్చి ఎర్ర గిటారు మెడ పక్కన, మెట్టుకొక రంగు చొప్పున జిగురుతో అంటించాను. తీగలకు అంకెలు పెట్టాను. పాటను కాగితం మీద రాసిచ్చాను: రెండో తీగ ఎరుపు నాలుగు దెబ్బలు, మూడో తీగ పసుపు రెండు, మళ్లీ ఎరుపు. పదేళ్లప్పుడే మగ్గమెక్కినవాడు కనుక వాడికి అది నీళ్లు తాగినంత సులువైంది. కాగితం రెండుసార్లు చూసి మూడోసారి పక్కన పడేసేవాడు. తాళం ఎక్కడా జారేది కాదు. మగ్గం తొక్కిన కాలికి తాళం ఒకరు నేర్పాలా?

ఈ పద్ధతిలో ఒక లోపముంది. రంగులు కదలవు. పాడేవాళ్లు శ్రుతి మారిస్తే పాట మొత్తం పక్క మెట్లకు జరుగుతుంది, దారాలు మాత్రం అంటించినచోటే ఉంటాయి. మా ఆర్కెస్ట్రాలో ఒక్కో పాటకు ఒక్కో శ్రుతి స్థిరం, మారే ప్రశ్నే లేదు. తర్వాత మెల్లగా అసలు పద్ధతి నేర్పుదాంలే అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను, మొదట్లో.

కదిరిలో వాడి మొదటి ప్రోగ్రాం. మా యజమాని మైకు పట్టుకుని "బెంగుళూరు నుంచి మన కోసం ప్రత్యేకంగా వచ్చిన యువ కళాకారుడు" అని గొంతు చించుకున్నాడు. వాడు పుట్టినప్పటినుంచి బెంగుళూరు మొహం చూడలేదు. ధర్మవరం నుంచి వచ్చిన ఎవరో వెనక నుంచి "ఓయ్, వాడు మా వీధోడప్పా!" అని కేకేశాడు కానీ ఈలల్లో అది కొట్టుకుపోయింది. తర్వాత నేనడిగితే యజమాని నవ్వి, "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు గదప్పా. ధర్మవరమోడంటే చూస్తారా?" అన్నాడు. ఆ రోజు వాడు ముందుకు నడిచి, తల వెనక్కి విదిలించి, ఒక్క తీగ మీటాడు. జనం లేచి నిలబడ్డారు. పెట్టెల సందులోంచి చూస్తున్న నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆ తీగ మీటింది వాడే, మోగింది మాత్రం నాది.

ఆరు నెలల్లో వాడి బొమ్మతో వాల్‌పోస్టర్లు వచ్చాయి. పామిడిలో ఒక కుర్రాడు చొక్కా కాలరు మీద సంతకం చేయించుకున్నాడు. అనంతపురంలో మంగలి షాపువాడు "బేస్ కటింగు" అని మొదలుపెట్టాడని చెప్పుకున్నారు, నేను చూడలేదు. జనానికి బేస్ అంటే ఏమిటో అప్పటికీ తెలియదు, అది వాడి పేరులో ఒక భాగం అనుకున్నారు. ఆ రెండేళ్లూ వానలు మొహం చాటేశాయి. శనక్కాయ పండకపోతే పెళ్లిళ్లు ఆగిపోతాయి, పెళ్లిళ్లు ఆగితే మా పొయ్యి ఆగిపోతుంది. చుట్టుపక్కల ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. మాది నిలబడింది. ఎనిమిది ఇళ్లలో అన్నం ఉడకడానికి కారణం వాడి జుట్టు, వాడి నవ్వు. పాడేవాళ్లకూ, డ్రమ్ములవాడికీ, నాకూ అది తెలుసు. వాడి వెనకాల మాత్రం "పైన పటారం, లోన లొటారం" అని నవ్వుకునేవాళ్లం. ఎక్కువగా నవ్వింది నేనే.

వాడికి ఆ పేరు తలకెక్కలేదు. అదే నాకు కష్టంగా ఉండేది. తలకెక్కి ఉంటే ద్వేషించడం తేలికయ్యేది. ప్రోగ్రాం అయ్యాక నా కుర్చీ వాడే మడిచేవాడు. భోజనాల్లో నన్ను కూర్చోబెట్టాకే తను కూర్చునేవాడు. ఎవరైనా పొగిడితే "మా అన్నది చెయ్యి, నాది గిటారు" అనేవాడు. వాళ్లు దాన్ని వినయం అనుకుని ఇంకా ఎక్కువ పొగిడేవాళ్లు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం రిహార్సలు గదికి తొందరగా వెళ్లాను. దుమ్ము రాకుండా తలుపులు వేసి ఉన్నాయి. లోపల బేస్ మోగుతోంది. నేను నేర్పని పాట. అంతకు ముందు వారమే రేడియోలో వచ్చిన కొత్త పాట. వాడు వెతుక్కుంటున్నాడు. ఒక స్వరం తప్పేది, ఆగేవాడు, పక్కకు జరిగేవాడు, అది సరిగా పడేది. పల్లవి మొత్తం అలా ఏరుకుని రెండోసారి తడబడకుండా వాయించాడు. తర్వాత ఎందుకో అదే పల్లవిని కింది శ్రుతిలో ఎత్తుకున్నాడు, ఆటగా. అక్కడ కూడా దొరికింది. నాకు ఆ పని చేతనయ్యేసరికి రెండేళ్లు గడిచాయి, స్కేలు ఒకటి విరిగింది. నేను తలుపు సందులోంచి చూశాను. వాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. ముఖంలో స్టేజీ మీది నవ్వు లేదు.

ఎండలో ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. అప్పటిదాకా నా లెక్క ఒకటుండేది. వాడిది రూపం, నాది విద్య. లోకం రూపానికి చప్పట్లు కొడుతుంది, కొట్టనీ, విద్య నా దగ్గరుంది. ఆ తలుపు దగ్గర ఆ లెక్క తప్పిపోయింది. దేవుడు వాడికి రెండూ ఇచ్చాడు. ఈ సంగతి ప్రపంచంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. వాడికి కూడా తెలియదు.

తలుపు తోసుకుని వెళ్లాను. వాడు ఉలిక్కిపడి చేయి తీసేశాడు.

"ఊరికే గెలుకుతాంటినన్నా" అన్నాడు, తప్పు చేసినవాడిలా.

"అట్ల గెలకద్దు" అన్నాను. "చెయ్యి చెడిపోతాది. ఒకసారి చెడితే మళ్లా కుదరదు. రంగులు చూసుకోని వాయించు."

గురువు మాట. వాడు తల ఊపాడు. ఆ తర్వాత కళ్లు మూసుకుని వాయించడం నేను చూడలేదు. ఒకటి రెండుసార్లు "రంగులు లేకుండా ఎప్పుడు నేర్పుతావన్నా?" అని అడిగాడు. "దానికి టైముండాది" అన్నాను. డ్రైవర్ దొర బతికి ఉంటే ఆ స్కేలు నా నోటి మీద పడేది. అసూయ అంటే ఏదో మండుతుందనీ, నిద్ర పట్టదనీ అంటారు. అలాంటిదేమీ లేదు. నేను బాగానే నిద్రపోయాను. వాడికి ఎప్పటిలాగే కాగితాలు రాసిచ్చాను, ఎప్పటిలాగే గిటారు శ్రుతి చేసిచ్చాను. తీగలు బిగించే బిరడలు తిప్పడం కూడా వాడికి నేర్పలేదు. ఏమీ చేయకపోవడమే నేను చేసిన పని, అందుకే అది పాపంలా కనిపించలేదు.

తర్వాతి ఏడాది హిందూపురంలో ఒక వ్యాపారస్తుల పెళ్లిలో మా ప్రోగ్రాం జరిగింది. బెంగుళూరులో పెద్ద ఆర్కెస్ట్రా నడిపే ఆయన ఆ పెళ్లికి చుట్టంగా వచ్చాడు. తెలుగు, కన్నడం రెండూ మాట్లాడేవాడు. స్టేజీ మీద మావాణ్ణి చూశాడు, వచ్చే సోమవారం బెంగుళూరు వచ్చి వాయించి చూపించమన్నాడు. ఆయన బృందం సినిమా రికార్డింగులకు కూడా వెళ్తుందని మా యజమానే వచ్చి చెప్పాడు, ఆనందమో దిగులో తెలియని ముఖంతో. బెంగుళూరు నుంచి వచ్చాడని ఊరూరా అరిచిన అబద్ధం నిజమయ్యేటట్టుంది.

వాడు నేరుగా మా ఇంటికొచ్చాడు. "నువ్వు గూడా రాన్నా. నువ్వు పక్కనుంటే నాకు ధైర్యం" అన్నాడు. వాళ్లమ్మ వాడికి కొత్త చొక్కా కుట్టించింది. వాళ్ల నాయన మూడు రోజులు మగ్గం ఆపి కనపడినవాళ్లకల్లా చెప్పుకున్నాడు. ఆ ఇంట్లో ఒకరు నేతనుంచి బయటపడడం అదే మొదలు. నేను వెళ్లనని చెప్పలేకపోయాను. వెళ్లాలని కూడా ఉంది. ఎందుకు ఉందో అప్పుడు ఆలోచించుకోలేదు.

బెంగుళూరులో రిహార్సలు హాలు ఒక బట్టల కొట్టు మీద. మెట్ల మీద కూర్చుని గిటారు శ్రుతి చేసి వాడికిచ్చాను. లోపల పదిహేను మంది ఉన్నారు, అందరి ముందూ స్టాండ్లు, కాగితాలు. పెద్దాయన వాణ్ణి బాగానే పలకరించి, నీకు వచ్చిన పాటే చెప్పు అన్నాడు. వాడు తనకు బాగా పట్టుబడ్డ పాట చెప్పాడు. గట్టెక్కుతాడు అనుకున్నాను. అప్పుడు పాడే ఆవిడ గొంతు సవరించుకుంది. ఆమెకు జలుబు. "ఒందు అర్ధ శ్రుతి ఇళిసి" అంది. అరశ్రుతి తగ్గించండి అని. అందరూ సరే అన్నట్టు తలలూపి వాద్యాలు ఎత్తుకున్నారు. వాళ్లకు అది చొక్కా చేతులు మడుచుకున్నంత పని.

వాడు నావైపు చూశాడు.

దానికి విరుగుడు నాకు తెలుసు. నాలుగు బిరడలు కొంచెం కొంచెం వదులు చేస్తే తీగలన్నీ అరశ్రుతి దిగుతాయి, రంగులు ఎక్కడివక్కడ సరిపోతాయి. రెండు నిమిషాల పని. లేచి, "ఒక్క నిమిషం సార్" అని గిటారు అందుకుంటే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాను. చేతులు ఒళ్లో ఉన్నాయి. అవి కదల్లేదు.

పాట మొదలైంది. వాడు ఎరుపు మీద వేలు పెట్టాడు. ఆ అపశ్రుతికి వయొలిన్లవాళ్లు తలలు తిప్పి చూశారు. మళ్లీ ఎత్తుకున్నారు. ఈసారి వాడు ఒక మెట్టు వెనక్కి తడిమి, ఆగి, కళ్లు మూసుకున్నాడు. ఒక స్వరం కుదిరింది. రెండోది కుదిరింది. మూడోది కూడా. వాడు పట్టేశాడు, ఇక నా అవసరం లేదు అనుకున్నాను. అంతలో వాడికి ఏదో గుర్తొచ్చినట్టు కళ్లు తెరిచి, నన్ను చూసి, భయపడి, వేళ్లు రంగుల దగ్గరికి తెచ్చుకున్నాడు. మళ్లీ అపశ్రుతి. పెద్దాయన చేయెత్తి పాట ఆపాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే నయం. ఆయన దగ్గరికొచ్చి గిటారు మెడ పక్కన అంటించిన దారాలను వేలితో తాకి చూసి, ఏమిటివి అని అడిగాడు. వాడు చెప్పాడు, మా అన్న నేర్పించిన పద్ధతి అని, గర్వంగానే చెప్పాడు. ఆయన నావైపు తిరిగి, "నీవు బారిస్తీరా?" అన్నాడు. మీరు వాయిస్తారా అని. నేను లేచాను. ఈసారి చేతులు కదిలాయి. వాడి మెడలోంచి గిటారు తీసుకుని, అరశ్రుతి కింద, మెట్ల వంక చూడకుండా, ఆ పాటను మొదటినుంచి చివరిదాకా వాయించాను. జీవితంలో అంత బాగా ఇంకెప్పుడూ వాయించలేదు. నోరు తెరుచుకునే ఉండి ఉంటుంది.

పెద్దాయన ఒక మాట చెప్పాడు. ఇద్దరినీ తీసుకుంటాను, కుర్రవాడు ముందు నిలబడతాడు, నువ్వు వెనక వాయించు. మా యజమాని పద్ధతే. పెద్ద ఊళ్లో కూడా లోకం అంతే. వాడు "వద్దు సార్" అన్నాడు. ఎంత మెల్లగా అన్నాడంటే ఆయన మళ్లీ అడగాల్సి వచ్చింది. "నాకు వద్దు సార్. మా అన్నను తీసుకోండి. పనితనం ఆయనది."

నేను ఒప్పుకున్నాను. ఒక్కణ్ణే.

ఆ తర్వాత నాలుగేళ్లు బెంగుళూరులో వాయించాను. ముందు ఎవరో ఒక అందగాడు నిలబడేవాడు, నేను వెనక. ఎనభైల మధ్యకు కీబోర్డులు వచ్చాయి. ఎడమచేత్తో బేస్ కూడా వాళ్లే వాయించేస్తారు కనుక నన్ను పొమ్మన్నారు. నాకు పెద్ద బాధనిపించలేదు. ఇక్కడ ఆర్కెస్ట్రా అప్పటికే మూతపడింది. వాడు లేకుండా ఒక్క సీజను కూడా నడవలేదు. డ్రమ్ములవాడు మిల్లులో శనక్కాయలు తూకం వేసే పనికి పోయాడు. వాడు బెంగుళూరు నుంచి వచ్చిన మర్నాడే జుట్టు కత్తిరించుకుని మళ్లీ మగ్గమెక్కాడు. మంచి నేతగాడని పేరు తెచ్చుకున్నాడు. ఊళ్లోవాళ్లు మాత్రం చాలా ఏళ్లు వాడి కథ చెప్పుకుని నవ్వేవాళ్లు. సరుకు లేనివాణ్ణి ఎగదోస్తే ఇంతే అని. ఆ నవ్వులో నేను కూడా ఉన్నాను, మాట్లాడకుండా.

ఇదంతా చెప్పి తిరుగు రైలు సంగతి దాటేశాను. అది చెప్పకపోతే చెప్పినదంతా వృథా.

ఆ సోమవారం మధ్యాహ్నమే తిరిగి బయల్దేరాం. రైలు పెట్టె సగం ఖాళీ. గిటారు మా ఇద్దరి మధ్య బల్ల మీద ఉంది. గౌరిబిదనూరు దాటాం. కిటికీలోంచి ఎండిన చేలు పోతున్నాయి, విత్తనం వేయకుండానే దున్ని వదిలేసినవి. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. బిరడలు వదులు చేయొచ్చు కదా అని అడుగుతాడేమోనని జవాబు కూడబలుక్కుంటున్నాను. ఆ సంగతి వాడికి తెలియదని అప్పుడు గుర్తొచ్చింది.

"అన్నా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పు" అన్నాడు. "నాకు ఇది వస్తాదా? నువ్వు వస్తాదంటే మగ్గం పక్కన పెడతా. రంగులన్నీ పీకేసి మళ్లా మొదటినుంచి నేర్చుకుంటా. ఎన్నేండ్లైనా సరే. రాదంటే ఈ పొద్దే వదిలేస్తా. నువ్వు ఎట్ల చెప్తే అట్ల."

వాడి కళ్లు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు గట్టిగానే ఉంది. ఇరవై రెండేళ్ల మనిషి తన బతుకు తెచ్చి నా చేతిలో పెట్టి కూర్చున్నాడు. తలుపు సందులోంచి విన్న పల్లవి నా చెవుల్లో ఉంది. పొద్దున కళ్లు మూసుకుని పట్టిన మూడు స్వరాలు కూడా ఉన్నాయి. వచ్చే వారం నేను ఎక్కబోయే రైలు కూడా ఉంది.

"కొందరికి రాదప్పా" అన్నాను. "ఎంత చేసినా రాదు."

వాడు ముఖం తుడుచుకుని నావైపు తిరిగి నవ్వాడు. జనాన్ని లేపి నిలబెట్టిన నవ్వు కాదు, మామూలుది.

"ఇన్ని దినాలు అందరూ పొగిడినారన్నా" అన్నాడు. "నువ్వొక్కనివే నిజం చెప్పినావు."

హిందూపురంలో రైలు ఆగింది. వాడు దిగి వెళ్లి ఇద్దరికీ టీ తెచ్చాడు. నేను తాగాను.